బెల్లం గది

చోడవరంలో ధర్మాసుపత్రి వెనకాల ఒక గది ఉండేది. పొద్దుగూకాక అటు వెళ్లడానికి ఎవరికీ కాళ్లు వచ్చేవి కావు.

పగలు మాత్రం బాగానే వెళ్లేవారు. దాని గోడకి పిడకలు కొట్టేవారు, దాని నీడన కూర్చుని చుట్టలు కాల్చేవారు, దాని గుమ్మంలో ఉమ్మేవారు. దీపాలు పెట్టే వేళయ్యేసరికి ఆ శూరులందరికీ ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చేవి.

ఆ గదిలోంచి రాత్రిపూట ఒక ఆడగొంతు మంచినీళ్లడుగుతుందని చెప్పుకునేవారు. కేక కాదు, ఏడుపు కాదు. చెవి దగ్గర నోరు పెట్టి అడిగినట్టు — “దాహం… దాహం…” అని. పోస్తే, పోసినవాడి చెయ్యి పట్టుకుని ఇక వదలదట. పొయ్యకపోతే ఏమీ చెయ్యదట. మర్నాడు మళ్లీ అడుగుతుందట. అందుకని ఎవరూ పోసేవారు కాదు. పట్టుకుంటే మాత్రం ఏం పోతుందో, వీళ్ల దగ్గర దెయ్యానికి పనికొచ్చే సరుకేముందో, అది ఎవరూ ఆలోచించలేదు.

ఆ గదికి అసలు చరిత్రంటూ ఉంటే అది బెల్లం చరిత్ర. అనకాపల్లిలో ధర పడిపోయినప్పుడల్లా దిమ్మలు దాచుకోవడానికి ఒక వ్యాపారి కట్టించిన కొట్టు అది. కిటికీ ఒక్కటే, అదీ చెయ్యి పట్టేంత. కప్పు కారి, లోపలి సరుకు పాకమైపోవడం మొదలెట్టాక, ఇక దీనితో లాభం లేదని తేలాక, ఆ పుణ్యాత్ముడికి ధర్మబుద్ధి పుట్టింది. ముందువైపు కొత్త గదులు వేయించి, కొట్టుతో సహా ఆసుపత్రికి రాసిచ్చాడు. ఆయన పేరు చెక్కిన పాలరాయి మందుల బీరువా కన్నా పెద్దది. గోడల్లోకి ఇంకిన బెల్లం వాసన మాత్రం పోలేదు. ముసురు పట్టినప్పుడు గచ్చు చెమర్చి అరికాళ్లకి అంటుకునేది. చీమలు బారులు తీరేవి. బెల్లం కోసమే వచ్చేవో… లోపల పడుకోబెట్టిన మనుషుల కోసమే వచ్చేవో…

అవును, ఆ గదిలో మనుషుల్ని పడుకోబెట్టేవారు. ఆ ఏర్పాటు డాక్టరు కామేశంది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. కామేశం విశాఖపట్నంలో డాక్టరు చదువు పూర్తిచేసి నేరుగా చోడవరం వచ్చి పడ్డాడు. పడ్డాననే అనేవాడు. ఊళ్లో అతనికి నచ్చినది ఒక్కటీ లేదు. బస్సు నచ్చలేదు, బస్సు దిగేవాళ్లు నచ్చలేదు. ఎవరో మాడుగుల హల్వా తెచ్చి పెడితే, తిని, మరికాస్త పెట్టించుకుని, నెయ్యి తప్ప దీన్లో ఏముందన్నాడు. తెలివైనవాడే, కాదనడానికి లేదు. కానీ ఆ తెలివిని ఇస్త్రీ చొక్కాలా తొడుక్కుని, ఎవరు తగిలితే ఎక్కడ మరకవుతుందోనని ఒదిగి ఒదిగి నడిచేవాడు. దెయ్యాల మాటెత్తితే నవ్వేవాడు కూడా కాదు. నవ్వడానికి ఎదుటివాడు మనిషై ఉండాలి గదా!

స్పృహ తప్పిన రోగులంటే అతనికి మహా ఆసక్తి. రోగుల మీద కాదు లెండి, తప్పిన స్పృహ మీద. అది దిగుడుబావి మెట్లలా ఒక్కొక్కటే దిగుతుందని కాంపౌండరుకి పాఠం చెప్పేవాడు. పై మెట్టు మగత — పిలిస్తే పలికి మళ్లీ జోగుతాడు. దాని కింద మొద్దునిద్ర — గిల్లితే గానీ కదలడు. అన్నిటికన్నా అడుగున కోమా — గిల్లినా గుచ్చినా చెవిలో డప్పు కొట్టినా ఒకటే. మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో కనిపెట్టడమే డాక్టరు గొప్ప. మూడు రోజులు దాటినా అడుగు మెట్టు మీదే ఉంటే ముందు వార్డులో మంచం దండగ. అలాంటివాళ్లని వెనక బెల్లం గదికి చేర్పించి, ముక్కులోంచి రబ్బరు గొట్టం వేసి, రెండు పూటలా పాలు పోయించి, దేవుడి మీద భారం వేసేవాడు. దేవుడంటే అతనికి నమ్మకం లేదు. భారం వెయ్యడానికి నమ్మకం అక్కర్లేదు.

నూకరత్నం ఆ గదికి వచ్చింది అలాగే. ఇరవయ్యేళ్ల పిల్ల. చోడవరం పక్క పల్లెలో పరదేశి నాయుడు అనే రైతు కోడలు. చీడికాడలో కన్నవారింటి నుంచి వస్తుంటే, లారీ హారనుకి ఎడ్లు బెదిరి బండి తిరగబడింది. తల రాతికి కొట్టుకుంది. పైన గాయం చింతగింజంత. లోపల ఏమైందో మరి, కళ్లు తెరవలేదు.

కామేశం రోజూ పరీక్ష చేశాడు. ఆడరోగిని డాక్టరు ముట్టుకునేటప్పుడు ఇంటిపెద్ద పక్కన నిలబడాలని ఆసుపత్రిలో ఒక పద్ధతి. కాలం అలాంటిది. మొగుడు సత్యారావు ఉన్నాడు గానీ, అతను తండ్రి వెనకాల నిలబడి తండ్రి వీపు చూసేవాడు. పుట్టిన దగ్గర్నుంచీ అతను చూసిన ప్రపంచం ఆ వీపే. అందుచేత మంచం తలాపిన నిలబడేది పరదేశి నాయుడు. ఆయనది చుట్టదగ్గు. ముందు దగ్గు వచ్చేది, వెనకాల మనిషి వచ్చేవాడు.

“నూకరత్నం! కళ్లు తెరు! నాకేసి చూడు!” కామేశం చెవి దగ్గర అరిచేవాడు.

లేదు.

“నాలుక బయటపెట్టు!”

లేదు.

“ఇదిగో, నా చెయ్యి. గట్టిగా పట్టుకో!”

అదీ లేదు. రెప్ప ఎత్తి టార్చి వేస్తే కంటిపాప చిన్నదయ్యేది. దూదిపోచ తగిలిస్తే రెప్ప కొట్టుకునేది. గోరు మీద పెన్సిలు పెట్టి నొక్కితే చెయ్యి కాస్త వెనక్కి పోయేది.

“కదిలింది బాబూ!” అన్నాడు పరదేశి నాయుడు ఒకరోజు.

“అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే అదీ కదులుతుంది. లేచి పలకరిస్తుందా?” అన్నాడు కామేశం. “ఇది గుమ్మడిపాదు, నాయుడూ. నీళ్లు పోసినన్నాళ్లు ఉంటుంది. మనిషి ఎప్పుడో వెళ్లిపోయింది.”

రోగి చెవికి జానెడు దూరంలో అన్నాడు ఆ మాట. గుమ్మడిపాదుకి చెవులుండవు గదా.

పరదేశి నాయుడు ఏడ్చాడు. ఏడవడం పూర్తయ్యాక తలపాగా కొంగుతో ముక్కు తుడుచుకుని అసలు సంగతికి వచ్చాడు.

“మరైతే బాబూ… ఎల్లుండి ధనిష్ఠ వచ్చీస్తాది. పంతులు సెప్పేరు. ఆ నచ్చత్రంలో మనిషి పోతే ఆర్నెల్లు ఇల్లు మూసీవాల. గొడ్లు, గోదా అట్టుకొని ఎక్కడికి పోతాం?”

“అయితే?”

“ఇక్కడే పోయిందనుకో, శవాన్ని ఊళ్లోకి రానీరు. పేణం ఉండగానే ఇంటికి సేర్చీవాల. రేపు తెల్లారగట్ల బండి కడతాం. నువ్వా గొట్టం తీసీ. గొట్టం తీసీస్తే… ధనిష్ఠ రాకుండానే అయిపోతాది గదా?”

నక్షత్రం చూసి పెళ్లి చేసి తెచ్చుకున్న కోడలు. నక్షత్రం చూసి చచ్చిపొమ్మంటున్నారు. కామేశానికి ఒళ్లంతా జలదరించేంత అసహ్యం వేసింది. అసహ్యం వేసినా సరేనన్నాడు. అసహ్యించుకోవడానికి కష్టమేముంది, కాదంటేనే గదా గొడవ. తెల్లారగానే వచ్చి గొట్టం తీసేస్తానన్నాడు. ఇంకొక పగలూ రాత్రీ, అంతకు మించి ఉండదని కూడా చెప్పాడు.

దీపాలు పెట్టే వేళయింది. తండ్రీకొడుకులు రోజూలాగే ఆసుపత్రి ముందు గేటు దగ్గరకి, బండి కిందకి చేరారు. పగలంతా కోడలి గుమ్మంలో కూర్చునే మామగారు చీకటిపడ్డాక ఆ గది ఛాయలకి వచ్చేవాడు కాదు.

కామేశం చేతులు కడుక్కుని ఇంటికి బయల్దేరుతుంటే ఆయా అచ్చియ్యమ్మ పాలగిన్నెతో ఎదురొచ్చింది.

“డాట్రుబాబూ, ఈ పాలు నాను పొయ్యను. నన్ను సంపీసినా ఆ గదిలోకి ఎల్లను.”

“ఎందుకు వెళ్లవు?”

“అడుగుతంది బాబూ.”

“ఎవరు?”

అచ్చియ్యమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “పేరెట్టకూడదు. నిన్న గుమ్మంలో కాలెట్టీసరికి అడిగీసింది. గిన్నె ఒగ్గీసి ఒకటే పరుగు.”

“మరి నిన్నటి పాలు?”

“పిల్లి తాగీసిందేమో మరి.”

“ఎన్నాళ్లుగా వినిపిస్తోందే నీ దెయ్యం?”

“తవరొచ్చిన కాడ్నుంచే బాబూ.”

“నా కోసమే వచ్చిందన్నమాట. పాపం, ఊళ్లో చదువుకున్నవాడు ఇంకెవడున్నాడు!” అని, గిన్నె లాక్కుని, లాంతరు పట్టుకుని తనే బయల్దేరాడు. అచ్చియ్యమ్మ కోసం కాదు. రేపు ఈ మాట పదిమందిలో చెప్పి పరువు తియ్యడానికి.

పెరడు దాటితే చెరకుతోట. ఆకు మీద ఆకు ఒరుసుకుంటున్న చప్పుడు. ముసురు కురిసి వెలిసి, గచ్చు జిగటగా ఉంది. అడుగేస్తే చెప్పు అంటుకుని… వదులుతోంది. అంటుకుని… వదులుతోంది.

తలుపు తోశాడు. బెల్లం వాసన ముఖాన కొట్టింది.

“దాహం…”

కామేశం ఆగిపోయాడు.

గాలి అనుకున్నాడు. చెరకాకు అనుకున్నాడు. పెద్ద చదువు చదివినవాడు కాబట్టి, అనుకోవడానికి అతని దగ్గర చాలా ఉన్నాయి.

“దాహం…”

గాలికి మాటలు రావు.

గిన్నెలో పాలు సగం అతని పంచె మీద పడ్డాయి. పరిగెత్తాలనే అనుకున్నాడు, కాళ్లు లేవలేదు. తరవాత తన ధైర్యం గురించి చాలాచోట్ల చెప్పుకున్నాడు గానీ, ఆ ధైర్యమంతా ఇంతే — చెప్పులు గచ్చుకి అంటుకుపోవడం.

లాంతరు పైకెత్తాడు.

మంచం మీద నూకరత్నం కళ్లు తెరిచి ఉంది.

ఎడమకి ఒక అడుగు జరిగాడు. కళ్లు… ఎడమకి వచ్చాయి. కుడికి జరిగాడు. కళ్లు కుడికి వచ్చాయి. లాంతరు వెనక్కి దాచి చీకట్లో నిలబడ్డాడు. అప్పుడూ ఆ చూపు అతని ముఖం మీదే ఉంది. దీపాన్ని చూసే చూపు కాదది. మనిషిని చూసే చూపు.

మూల కుండలోంచి చెంచాడు నీళ్లు ముంచాడు. సగం గడ్డం మీద పోయింది. మిగతా సగం పెదవుల మధ్య పోసి లాంతరు కింద గొంతు చూశాడు.

గుటక పడింది.

ఇంకో చెంచా. ఇంకో గుటక.

దెయ్యం భయం తగ్గింది. తగ్గాక దానికన్నా చెడ్డది మొదలైంది. తను వచ్చిన దగ్గర్నుంచే ఈ గొంతు వినిపిస్తోంది. తను వచ్చిన దగ్గర్నుంచే ఈ గదిలో మనుషుల్ని పెడుతున్నాడు. నూకరత్నానికి ముందు పైడితల్లి అనే ముసలామె ఉండేది. ఆమెకు ముందు బావిలో పడిన ఒక పిల్ల… ఆ పిల్లకి ముందు, పేరు కూడా గుర్తులేదు. వాళ్లంతా అడుగు మెట్టు మీదున్నారని తనే తేల్చాడు. రాత్రుళ్లు ఒక మెట్టు ఎక్కివచ్చి దాహమని అడిగితే, ఊరంతా దెయ్యమని పారిపోయింది. తను దెయ్యాల్లేవని ఇంటికెళ్లి పడుకున్నాడు.

కామేశం మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

అప్పుడే పెరట్లో దగ్గు వినిపించింది. గదిలో లాంతరు వెలుగు చూసి, లోపల డాక్టరున్నాడన్న ధీమాతో వస్తున్నాడు పరదేశి నాయుడు. “బాబూ, బండి ఏయేళకి కట్టమంటావు?”

నూకరత్నం కళ్లు చటుక్కున మూసుకున్నాయి.

వారం రోజులుగా ఏ మాటకీ కదలని కుడిచెయ్యి… మెల్లిగా… వేలు వేలుగా… పక్కమీద పాకింది. కొంగు వెతుక్కుంది. దాన్ని పట్టి లాగి, భుజాల నిండా కప్పుకుంది. తరవాత మళ్లీ శవంలా ఉండిపోయింది.

“అక్కడే ఆగు!” కామేశం అరిచాడు. “వెనక్కి పో! ఇంకా దూరం. చప్పుడు చెయ్యకు!”

చాలాసేపు ఎదురుచూశాడు. రెప్పలు విడ్డాయి.

“ఇప్పుడు దగ్గు!”

“ఏటి బాబూ?”

“దగ్గమంటున్నాను!”

“రోగం దానికి గదా, నాను దగ్గడమేటి?”

“దగ్గు, నాయుడూ!”

చీకట్లోంచి మొహమాటంగా ఒక దగ్గు వచ్చింది. కళ్లు మూసుకున్నాయి. కొంగు పట్టుకున్న వేళ్లు బిగిశాయి. కాసేపాగి మళ్లీ దగ్గించాడు. మళ్లీ అంతే.

తన పేరేమిటో ఆ పిల్లకి తెలుసో లేదో. ఎక్కడుందో తెలుసో లేదో. మామగారి దగ్గు మాత్రం తెలుసు. మామగారు తలాపిన నిలబడి ఉండగా పరాయి మగాడి కళ్లల్లోకి చూడమంటే, నాలుక చాపమంటే, చెయ్యి పట్టుకోమంటే ఏ కోడలు చేస్తుంది? సగం పోయిన ప్రాణంతో కూడా మర్యాద తప్పలేదు. వారంపాటు టార్చీ పెన్సిలూ పెట్టి ఈ మహానుభావుడు కొలిచింది ఆ పిల్ల పెంపకాన్ని. గట్టి పెంపకం.

బయటికొచ్చి పరదేశి నాయుడి భుజం పట్టుకున్నాడు. “నీ కోడలికి స్పృహ ఉంది. బాగుపడుతుంది. రేపు తీసికెళ్లకు.”

“పొద్దున్న గుమ్మడిపాదన్నావు గదా బాబూ.”

“పొరపాటైంది.”

“వారం దినాలు లైటేసి, పొడిసి, సూసి పోయిందన్నావు. ఇప్పుడు నాచేత దగ్గించి ఉందంతన్నావు. ఇదేటి వైద్యం?”

కామేశం మెట్ల సంగతంతా చెప్పాడు. స్పృహ దిగడం, ఎక్కడం, ఎక్కి మళ్లీ జారడం. పరదేశి నాయుడు ఎవరో అరవంలో మాట్లాడుతున్నట్టు విన్నాడు.

“అది సరే బాబూ. ఎల్లుండి ధనిష్ఠ. బండికి సెప్పీసేను. మా కోడలు, మా ఇష్టం.”

ఇలాంటివాడికి చదువుతో చెప్పడం దండగని కామేశానికి అర్థమైంది. అర్థమైన ఆ ఒక్క విషయాన్నీ వెంటనే వాడుకున్నాడు.

“నీ ఇష్టం, తీసికెళ్లు,” అన్నాడు గొంతు తగ్గించి. “కానీ చెప్పకపోతే నాకు పాపం. ఇందాక నన్ను నీళ్లడిగింది.”

దగ్గు ఆగిపోయింది. “…ఎవులు?”

“నోరు నీ కోడలిదే. గొంతు మాత్రం నీ కోడలిది కాదు.”

“పోసీసేవా?”

“పోసేశాను. తాగింది. ఇప్పుడది ఆ పిల్లలో కూర్చుంది. ఇక్కడుంచితే ఇక్కడే దిగిపోతుంది, నాకు తెలిసిన పద్ధతి ఉంది. నీ ఇంటికి తీసికెళితే నీ ఇంట్లో దిగుతుంది. ధనిష్ఠకైతే ఆర్నెల్లు. దీనికి ఎన్నాళ్లో… నన్నడక్కు.”

పరదేశి నాయుడు ఇంకేమీ అడగలేదు. తెల్లారేదాకా కూడా ఆగలేదు. ఆ చీకట్లోనే ఎడ్లు కట్టించి, కొడుకుని వెనక కూలేసుకుని పోయాడు. చోడవరం పొలిమేర దాటేదాకా చుట్ట కూడా వెలిగించలేదట.

ఆ రాత్రే నూకరత్నాన్ని ముందు వార్డుకి మార్పించాడు కామేశం. అత్తింటివాళ్లెవరూ రాకుండా చూసి, మళ్లీ మొదటినుంచి పరీక్ష చేశాడు. ఒకరోజు చూపు. ఒకరోజు వేలు. చాలా రోజుల తరవాత నాలుక కొస. మామిళ్లు పూతకొచ్చే వేళకి నాలుగు మాటలు కూడబలుక్కునేది.

కామేశానికి పేరొచ్చింది. బెల్లం గదిలో దెయ్యం లేదనీ, అక్కడ నీళ్లడిగేది రోగులేననీ, అజ్ఞానం వల్ల జనం పారిపోయారనీ క్లబ్బులో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆ రోగుల్ని అక్కడ పెట్టిందెవరో మాత్రం ఆ ఉపన్యాసంలో రాలేదు.

చీడికాడ నుంచి కన్నవారు బండి తెచ్చిన రోజున, నూకరత్నం వరండాలో తెప్పరిల్లి కూర్చుని ఉంది. కామేశం వచ్చి, పక్కన నలుగురు వినేలా అన్నాడు.

“ఆ రాత్రి నువ్వు మంచినీళ్లడిగావు చూడు, అదే నిన్ను బతికించింది. లేకపోతే తెల్లారి గొట్టం తీసేసేవాణ్ణి.”

నూకరత్నం అతనికేసి చూసింది.

“నాను అడగనేదు బాబూ.”

“నీకు గుర్తుండదులే.”

“అన్నీ గురుతున్నాయి. అడగాలనే ఉండీది. నోరు పెగల్నేదు.”

కామేశం నవ్వాడు. తలకి దెబ్బ తగిలినవాళ్లకి ఇలాంటి మరుపు మామూలేనని పక్కవాళ్లకి వివరించబోయాడు. “మరి ఎవరడిగారమ్మా?”

“నా కాళ్లకాడ కూకున్న అమ్మి,” అంది నూకరత్నం, ఇంటిపక్కావిడ సంగతి చెప్పినట్టు. “రోజూ రేత్రి వచ్చి కూకునీది. లాంతరట్టుకొని నువ్వొచ్చేవు గదా, నీ మొగం సూసి అడిగింది. నువ్వు దాన్ని దాటుకొచ్చి నాకు పోసీసేవు.”

కామేశం వెనక పెరటి వైపు తిరిగి చూశాడు.

“ఆ అమ్మికి ఇంకా ఎవులూ పొయ్యనేదు బాబూ.”